గ్రీన్‌హౌస్ కిట్టు కొనే ముందు

సంక్రాంతి తర్వాత జరిగిన మా సంఘం కార్యవర్గ సమావేశంలో ఎజెండాలో లేని అంశం ఒకటి వచ్చింది. డాబాల మీద కూరగాయలు పెంచుకుంటున్న పన్నెండు కుటుంబాల వారు కలిసి ఒక అర్జీ ఇచ్చారు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వస్తున్న గ్రీన్‌హౌస్ కిట్లు సంఘం పేరు మీద ఒకేసారి తెప్పిస్తే ఇంకొంచెం తగ్గించి ఇస్తారు కదా అన్నది వారి కోరిక. కొటేషన్ తెప్పించాం. కిట్టు ఒక్కింటికి 6,500 రూపాయలు, పన్నెండింటికి 78,000. అర్జీ పెట్టిన వారిలో ఎక్కువమంది మా వంటి పింఛనుదారులే. ఇద్దరు వితంతు పింఛను మీద ఇల్లు నడుపుకుంటున్న వారు. అందుకని పన్నెండూ తెప్పించకుండా ముందు ఒక్కటి తెప్పించి చూద్దామని తీర్మానం చేశాం.

మాది బరంపురం. ఇదే ప్రశ్న హోసూరులోనో షోలాపూర్‌లోనో యానాంలోనో ఉన్న మన వాళ్ల ఇళ్లలోనూ వస్తూ ఉంటుంది. అందుకే ఆ ఒక్క కిట్టు పెట్టి మేము చూసినదీ, దాని వెనుక కారణాలూ వివరంగా రాస్తున్నాం.

కిట్టు చేసే పని ఏమిటి?

పెట్టెలో వచ్చేవి మూడు: బొటనవేలంత లావు సన్నని ఇనుప గొట్టాలు, వాటిని కలిపే ప్లాస్టిక్ జాయింట్లు, పైన తొడగడానికి జిప్ తలుపు ఉన్న పాలిథిన్ కవరు. మేము తెప్పించినది ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు. మొత్తం బరువు పది కిలోలు ఉంటుందేమో. ఇద్దరు మనుషులు ఒక పూటలో బిగించేయవచ్చు.

గ్రీన్‌హౌస్ పుట్టింది చలి దేశాల్లో. ఎండ పాలిథిన్ గుండా లోపలికి వెళ్లి మట్టినీ కుండీలనూ వేడెక్కిస్తుంది. వేడెక్కిన గాలి పైకి లేచి పోవాలి గానీ, కవరు అడ్డుగా ఉంది కాబట్టి లోపలే ఉండిపోతుంది. ఎండలో అద్దాలు ఎత్తి నిలిపిన కారులో కూర్చుంటే ఎలా ఉంటుందో అలాగన్న మాట. మంచు పడే చోట ఆ వేడే మొక్కకు ప్రాణం. మన ఊళ్లలో సంవత్సరంలో ఎనిమిది తొమ్మిది నెలలు మొక్కను చంపేది ఆ వేడే.

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం థర్మామీటరు పెట్టి చూశాం. బయట నీడలో 37 డిగ్రీలు. కిట్టు లోపల, జిప్ తలుపు తెరిచి ఉంచినా, 49. పగలు 35 డిగ్రీలు దాటితేనే టమాటా పూత రాలిపోవడం మొదలవుతుంది. ఇక 49లో పూత మాట దేవుడెరుగు, వారం తిరిగేసరికి నారు అంచులు మాడి కాగితంలా అయింది. అదే డాబా మీద, బయట పాత చీర కట్టిన నీడలో ఉన్న గోంగూర, తోటకూర మాత్రం బాగానే ఉన్నాయి.

మా సంఘంలో అందరికంటే పెద్దావిడ ఆ కిట్టు చూడటానికి మెట్లెక్కి వచ్చి, ఒక్క నిమిషం లోపల నిలబడి బయటకు వచ్చేశారు. "ఎండకి గొడుగు వేసుకుంటాం గానీ రగ్గు కప్పుకుంటామా బాబూ?" అన్నారు. మేము పది పేజీల్లో రాసినా ఇంతకంటే బాగా చెప్పలేం.

గాలి సంగతి

ఏప్రిల్ నెలాఖరున సాయంత్రం పూట కాలబైశాఖి గాలి వచ్చింది. మా ప్రాంతంలో ఇది ఏటా ఉండేదే. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, తాళ్లతో పిట్టగోడకు కట్టి ఉంచాం. అయినా కిట్టు లేచి పక్కింటి డాబా మీద పడింది. వారి నీళ్ల ట్యాంకు పైపు విరిగింది. ముప్పై ఏళ్లుగా ఇచ్చిపుచ్చుకుంటూ బతుకుతున్న ఒడియా కుటుంబం కాబట్టి ఒక్క మాటా అనలేదు. పైపు ఖర్చు సంఘమే పెట్టుకుంది. ఆ సమయానికి ఆ డాబా మీద మనిషి ఎవరైనా ఉండి ఉంటే? ఆ రాత్రి కార్యవర్గంలో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

ఇటుకలు ఎందుకు చాలలేదో లెక్క వేసి చూశాం. గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు గోడ మీద దాదాపు 17 కిలోల ఒత్తిడి పెడుతుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది. 100 కిలోమీటర్ల గాలికి అది 47 కిలోలు. మా కిట్టు పొడవు వైపు గోడ సుమారు నాలుగున్నర చదరపు మీటర్లు. అంటే 100 కిలోమీటర్ల గాలికి పది కిలోల వస్తువు మీద రెండు క్వింటాళ్లకు పైగా తోపు పడుతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను మా పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గాలులు ఇంతకు రెట్టింపు వేగంతో వీచాయి. 2016 డిసెంబరులో వార్దా తుపాను చూసిన చెన్నై వారికీ, 1996 నవంబరు తుపాను గుర్తున్న యానాం వారికీ ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

గాలికి ఎగరకుండా స్లాబుకు రంధ్రాలు వేసి బోల్టులు బిగించమని కిట్టుతో వచ్చిన కాగితంలో ఉంది. ఆ పని చేయకండి. వానాకాలంలో ఆ రంధ్రాల గుండానే స్లాబు కారుతుంది. ఇరవై లీటర్ల పాత పెయింటు బకెట్టులో గొట్టం నిలబెట్టి కాంక్రీటు నింపితే ఒక్కోటి 45 కిలోలకు పైగా బరువు తూగుతుంది. నాలుగు మూలలా నాలుగు పెడితే మామూలు గాలికి ఆగుతుంది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం ఏ కవరైనా విప్పి ఇంట్లో పెట్టుకోవలసిందే.

ఏ ఊరి వారికి ఏది?

కిట్టు ఎవరికీ పనికిరాదని మేము అనడం లేదు. ఎవరికి పనికొస్తుందో ఊరిని బట్టి ఉంటుంది.

కొరాపుట్ వైపు కొండల మీద ఉన్న మన కుటుంబాలకు చలికాలంలో రాత్రులు పది డిగ్రీల కంటే చల్లబడతాయి. డిసెంబరు, జనవరిలో అక్కడ టమాటా, వంగ, మిరప నారు పెరగదు. వారికి చిన్న కిట్టు నిజంగా ఉపయోగమే, నారు పెంచేవరకు. మార్చి రాగానే కవరు తీసేయాలి.

హోసూరు, బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. వాతావరణం చల్లన. హోసూరు చుట్టుపక్కల గులాబీలు పెంచే పాలీహౌసులు చూసి, అంత పెద్దవి అక్కడ నడుస్తుంటే ఇంట్లో చిన్నది ఎందుకు నడవదని అక్కడి వారు అడుగుతారు. ఆ పాలీహౌసులను ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. కొబ్బరి చెట్టు సగం ఎత్తు ఉంటాయి. పైకప్పులో వేడి గాలి పోవడానికి పొడవునా సందు ఉంటుంది. పక్కలు తెర మాదిరి పైకి చుట్టేస్తారు. మన కిట్టులో ఆ ఎత్తూ లేదు, పైన సందూ లేదు. చిన్నదైన కొద్దీ లోపలి గాలి తొందరగా వేడెక్కుతుంది. అందుకని అక్కడి వారు కొన్నా, నాలుగు పక్కలా వల ఉండి పైన మాత్రమే పాలిథిన్ ఉన్న రకం చూసుకోవాలి. అది గ్రీన్‌హౌస్ కాదు, వాన పందిరి. ముసురు వానల్లో నారు కుళ్లిపోకుండా కాపాడుతుంది.

షోలాపూర్‌లో మే నెల ఎండ 40 దాటుతుంది, గాలిలో తేమ తక్కువ. అక్కడ పాలిథిన్ కవరు వేస్తే మొక్కలకు పొయ్యి పెట్టినట్టే. చెన్నై, యానాం, బరంపురాల్లో ఎండకు తోడు తేమ. గాలి ఆడని కవరు లోపల బూడిద తెగులు, నారుకుళ్లు తొందరగా వస్తాయి. ఈ ఊళ్లన్నిటికీ కావలసినది నీడ.

నీడ పందిరి ఎలా?

నీడ కట్టడం మనకు కొత్త విద్య కాదు. ఒడిశా తీరంలో తమలపాకు తీగలకు వేసే బరజలు చూసే ఉంటారు. వెదురు గుంజలు, పైన గడ్డి, చుట్టూ దడి. ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది, గాలి ఆడుతుంది. ఇప్పుడు ఆ గడ్డి బదులు షేడ్ నెట్ దొరుకుతోంది.

షేడ్ నెట్ కొనేటప్పుడు రంగు కంటే శాతం ముఖ్యం. 50 శాతం అంటే సగం ఎండను ఆపుతుంది. గోంగూర, చుక్కకూర, పాలకూర, కొత్తిమీర, అన్ని రకాల నార్లకు వేసవిలో 50 శాతం సరిపోతుంది. టమాటా, వంగ, మిరపలకు 35 శాతం చాలు, అదీ మార్చి నుంచి జూన్ వరకే. వానలు మొదలయ్యాక తీసేయాలి. లేకపోతే మొక్క ఏపుగా పెరుగుతుంది గానీ కాయదు. 75 శాతం నెట్ కూరగాయలకు వద్దు.

బీర, సొర, కాకర, దోస పాదులను నాలుగు పక్కలా మూసిన వలలో పెట్టకండి. వీటిలో ఆడపువ్వు, మగపువ్వు వేరు. తేనెటీగ లోపలికి రాకపోతే పిందె పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంది. కోతుల బెడద వల్ల మూయక తప్పని వారు మగపువ్వు కోసి ఆడపువ్వుకు మీరే తాకించాలి. దోస, కాకరలకు పొద్దున్నే. బీర, సొరలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి దీపాలు పెట్టే వేళకు. టమాటా, మిరపలకు ఈ బాధ లేదు, కొమ్మను మెల్లగా కదిపితే చాలు.

కొనాలనే అనుకుంటే

అమ్మేవారిని ఈ నాలుగూ అడగండి. సమాధానం కాగితం మీద రాయించుకోండి.

ఒకటి, పాలిథిన్ యువి స్టెబిలైజ్డ్ రకమేనా, ఎన్ని మైక్రాన్లు? రైతుల పాలీహౌసులకు వాడేది 200 మైక్రాన్లది, యువి స్టెబిలైజ్డ్. అది కానిది మన ఎండకు ఒక వేసవిలోనే పెళుసుబారి ముక్కలవుతుంది.

రెండు, వేడి పోవడానికి పైభాగంలో కిటికీ ఉందా? తలుపు ఒక్కటే ఉంటే వద్దు.

మూడు, గొట్టాలు జిఐ రకమా, రంగు పూసిన మామూలు ఇనుమా? సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మామూలు ఇనుము రెండు వానాకాలాలకే తుప్పు పడుతుంది.

నాలుగు, కవరు, జాయింట్లు విడిగా దొరుకుతాయా? మా కిట్టుకు జిప్ మూడో నెలలోనే ఊడింది. విడిగా ఇవ్వమన్నారు. కొత్త కిట్టు కొనుక్కోమన్నారు.

"గవర్నమెంటు సబ్సిడీ వస్తుంది" అని ఎవరైనా అంటే మీ జిల్లా ఉద్యానశాఖ ఆఫీసుకు వెళ్లి అడిగాకే డబ్బు కట్టండి. ఉద్యాన మిషన్ కింద పాలీహౌసులకు, షేడ్ నెట్ హౌసులకు ఇచ్చే 50 శాతం రాయితీ భూమి ఉన్న రైతుల కోసం. డాబా మీద పెట్టుకునే కిట్టుకు అది వర్తించదు.

డాబా బరువు కూడా చూసుకోండి. మనుషులు తిరిగే డాబా స్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకు లెక్కవేసి కడతారు. తడి మట్టి అడుగు లోతున పోస్తేనే అది 500 కిలోలు దాటుతుంది. కొబ్బరి పొట్టు ఎక్కువగా కలిపిన తేలిక మట్టి వాడండి, కుండీలను పిట్టగోడ వారగా, కింద గోడ ఉన్న చోట పెట్టండి. పాత ఇల్లయితే మేస్త్రీ మాట కాదు, ఇంజనీరును అడగండి.

మేము చేసింది

జూన్ సమావేశంలో కిట్ల ప్రతిపాదన విరమించుకున్నాం. బదులుగా 50 శాతం షేడ్ నెట్ చుట్ట ఒకటి కొన్నాం. మూడు మీటర్ల వెడల్పు, యాభై మీటర్ల పొడవు. ఇంటికి నాలుగు మీటర్లు చొప్పున పన్నెండు ఇళ్లకు 48 మీటర్లు పోగా రెండు మీటర్లు మిగిలింది. అది సంఘం భవనం మీద తులసి, కరివేపాకు కుండీల మీద వేశాం. నెట్, సరుగుడు కర్రలు, బకెట్లలో కాంక్రీటు అన్నీ కలిపి ఇంటికి 1,400 రూపాయలు అయింది. కర్రలు పాతడానికి సంఘం కుర్రాళ్లు రెండు ఆదివారాలు వచ్చారు. పైపు విరిగిన పక్కింటి వారు కూడా ఒక పందిరి వేయించుకున్నారు, వారికి మా కుర్రాళ్లే వేసిపెట్టారు.

వితంతు పింఛను వచ్చే ఆ ఇద్దరి ఇళ్లకూ ఈ మధ్య వెళ్లాం. కిట్టుకు పెట్టవలసిన డబ్బులో అయిదు వేలు వారి దగ్గరే ఉన్నాయి. ఒకరి డాబా మీద చుక్కకూర కోతకు వచ్చింది. ఇంకొకరి పాదుకు, బజారులో మాకు అరుదుగా దొరికే పప్పు దోసకాయలు నాలుగు కాశాయి. వచ్చేటప్పుడు ఒకటి చేతిలో పెట్టారు.

మీ ఊరిలో ఇలాంటి ప్రతిపాదన వస్తే ముందు ఒక థర్మామీటరు కొనండి. ఏప్రిల్ మధ్యాహ్నం డాబా మీద పెట్టి చూడండి. మీ డాబాకు రగ్గు కావాలో గొడుగు కావాలో అదే చెబుతుంది.