కాలిన ట్రాక్టర్: ఎన్ని డిగ్రీలకు ఏది పోతుంది?

కొయ్యకాళ్లకు పెట్టిన మంట గట్టు దాటినా, గడ్డి లోడు కరెంటు తీగకు తగిలినా ట్రాక్టర్ అంటుకుంటుంది. కొన్నాళ్లకు అదే బండి కొత్త రంగు వేసుకుని, తక్కువ ధరకు బేరానికి వస్తుంది. కొనొద్దని నేననను. రంగు చూసి మాత్రం ధర మాట్లాడకండి. మంట ఎంత వేడెక్కిందో బండిలోని లోహాలే చెబుతాయి.

బ్యాటరీ టెర్మినళ్ల సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అల్యూమినియం 660కి, వైర్ల రాగి 1,085కి. ఇంజిన్ బ్లాకు పోత ఇనుము కరగాలంటే సుమారు 1,150 దాటాలి. కాబట్టి 'బ్లాకు చెక్కుచెదరలేదు' అని అమ్మేవారు చెప్పేది నిజమే కావచ్చు గానీ, కొనేవారికి దానివల్ల తెలిసేది ఏమీ లేదు. డైనమో, సెల్ఫ్ మోటారు మూతలు చూడండి. అల్యూమినియం అంచులు కారి ముద్దకట్టాయంటే మంట ఇంజిన్‌ను గట్టిగానే పట్టింది. పాత బండి మీద ఆ రెండే కొత్తగా మెరుస్తుంటే ఎందుకు మార్చారో అడగాలి.

అసలు ఖర్చు ఇంతకన్నా చాలా తక్కువ వేడికే మొదలవుతుంది. మామూలు నైట్రైల్ రబ్బరు ఆయిల్ సీళ్లు 100 నుంచి 120 డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. ఆపైన గట్టిపడి పగులుతాయి. క్రాంక్ వెనక సీలు మార్చాలంటే ట్రాక్టర్‌ను క్లచ్ దగ్గర రెండుగా విడదీయాలి. సీలు ఖరీదు కన్నా విప్పి బిగించే కూలి ఎన్నో రెట్లు. డీజిల్ పంపులోనూ, హైడ్రాలిక్ లిఫ్ట్‌లోనూ ఇలాంటి రబ్బరే ఉంటుంది.

రంగు వేయని నున్నటి ఉక్కును వెతకండి. దాదాపు 230 డిగ్రీలకు దాని మీద లేత పసుపు, 300కి నీలం తేలుతుంది. బేరింగ్ నీలం తిరిగితే గట్టిదనం పోయినట్టే, మార్చక తప్పదు.

మంట ఆర్పేవాళ్లు కాగిన ఇనుము మీద నీళ్లు గుమ్మరించి ఉంటారు. హెడ్‌లో, బ్లాకులో పగుళ్లు వచ్చేది అప్పుడే. డిప్‌స్టిక్ మీద నూనె తెల్లగా చిక్కబడినా, రేడియేటర్ నీళ్లలో నూనె తేలినా అనుమానించాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీ ఎదుటే స్టార్ట్ చేయమనండి.

బీమా సంగతీ అడగండి. మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీలు దాన్ని పూర్తి నష్టం కింద కడతాయి. చివరగా ఛాసిస్, ఇంజిన్ నంబర్లను ఆర్‌సీతో పోల్చండి. అవి చెరిగిపోయి కనబడకపోతే బయానా ఇవ్వకండి.