బుర్రిపాలెం అన్నదమ్ముల కొత్త కంపెనీ!

గుంటూరు బ్రాడీపేటలో గానీ, చిలకలూరిపేట బస్టాండులో గానీ డిగ్రీ పూర్తయిన కుర్రాళ్లు నలుగురు కలిస్తే ఈమధ్య ఒకటే చర్చ: ‘కొత్త కంపెనీలో చేరొచ్చా? ఏడాది తిరిగేసరికి ఉంటుందా, బోర్డు తిప్పేస్తుందా?’ స్టార్టప్ అన్న మాట కొత్తది కావచ్చుగానీ, ఆ సాహసం మన జిల్లాకు కొత్తేం కాదు. కావాలంటే పద్మాలయా కథ వినండి.

తెనాలి పక్కన బుర్రిపాలెం. అక్కడి రైతు కుటుంబంలో పుట్టిన హీరో కృష్ణ ‘తేనెమనసులు’ (1965), ‘గూఢచారి 116’ (1966) చిత్రాలతో పేరు తెచ్చుకుని, 1970లో తమ్ముళ్లు హనుమంతరావు, ఆదిశేషగిరిరావులతో కలిసి సొంత సంస్థ స్థాపించారు. తొలి చిత్రం ‘అగ్నిపరీక్ష’ నిరాశపరిచింది. ఇంకొకరైతే అంతటితో దండం పెట్టేసేవారే! వీళ్లు మాత్రం మరుసటి ఏడాదే ‘మోసగాళ్లకు మోసగాడు’ తీశారు. ఎడారి, గుర్రాలు, టోపీలు... తెలుగువాడికి కౌబాయ్ ఏమిటని నవ్వినవాళ్లే టిక్కెట్ల కోసం క్యూ కట్టారు.

1973లో ఎన్టీఆర్‌తో ‘దేవుడు చేసిన మనుషులు’. 1974లో తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’. షూటింగు నడుస్తుండగానే దర్శకుడు వి. రామచంద్రరావు కన్నుమూశారు. ఇక మిగతా భాగం కృష్ణే చూసుకున్నారు. పోరాట ఘట్టాలు కె.ఎస్.ఆర్. దాస్ తీశారు. కొత్త కంపెనీలో ‘ఇది నా పని కాదు’ అంటే కుదరదు మరి!

అంత ఘన విజయం తర్వాత నల్లేరు మీద నడకే అనుకుంటాం కదా? కృష్ణ చిత్రాలు వరుసగా దెబ్బతిన్నాయి. అప్పుడు పద్మాలయా వారు రంగుల హంగులకు పోకుండా పొలం వైపు తిరిగారు. పి. చంద్రశేఖరరెడ్డి దర్శకత్వంలో 1976 సంక్రాంతికి వచ్చిన ‘పాడిపంటలు’ వాళ్లను నిలబెట్టింది. తర్వాత 1983లో హిందీ ‘హిమ్మత్‌వాలా’, 1986లో 70 ఎం.ఎం. ‘సింహాసనం’. పదహారేళ్లలో ఎన్ని మలుపులో చూశారా!

ఇందులో నాకూ కాస్త అనుభవం ఉంది. మిర్చి ధరలు రైతుకు ఫోనులో చెప్పే ఒక చిన్న కంపెనీలో కొన్నాళ్లు పనిచేశాను. ఉదయం యార్డులో ధరలు రాసుకోవడం, మధ్యాహ్నం లెక్కలు, సాయంత్రం ప్రకటనలు. మూడు నెలలకోసారి నా ఉద్యోగం పేరు మారేది. పేరు మారినంత తేలిగ్గా జీతం మాత్రం వచ్చేది కాదు. ఇంట్లో అమ్మ ‘ఒరే, ఈ నెలైనా ఇచ్చారా?’ అని అడిగితే తల దించుకోవడమే. కానీ నలుగురిని కదిపి విషయం రాబట్టడం నేర్చింది ఆ యార్డులోనే. ఈనాడు నా కలానికి అదే అన్నం పెడుతోంది.

ఒక్క తేడా మరచిపోకండి. కృష్ణ సొంత సంస్థ నష్టపోయినా, బయటి చిత్రాల్లో ఆయనకు పారితోషికం వచ్చేది. మీకలాంటి ఆధారం ఉందా? లేకుంటే ఆరు నెలల ఖర్చులకు సరిపడా చేతిలో ఉంచుకోండి. చేరేముందు యజమానిని మూడే ప్రశ్నలు అడగండి: డబ్బు ఎవరిది? ఎన్నాళ్లకు సరిపోతుంది? మొదటి ఎత్తు పారకపోతే రెండోది ఏమిటి? మూడో ప్రశ్నకు ఆయన తడుముకోకుండా జవాబు చెబితే ధైర్యంగా చేరండి. నీళ్లు నమిలితే మాత్రం ఒక టీ తాగేసి వచ్చేయండి!