తొలి పిండానికి తొలి ఆహారము

జీవకణానికి శక్తినిచ్చే ఆహారమేది అని అడిగితే, గ్లూకోజు అని మనము తడుముకోకుండా చెప్పగలము. క్షీరద జీవితపు మొట్టమొదటి రోజున మాత్రం ఈ సమాధానము చెల్లదు.

1956లో విట్టెన్ అనే శాస్త్రజ్ఞుడు ఎనిమిది కణాల దశలోని చుండెలుక పిండాలను గ్లూకోజు, పశురక్తపు ఆల్బుమిన్ కలిపిన లవణ ద్రావణంలో బ్లాస్టోసిస్టు దశ వరకు పెంచగలిగాడు. రెండు కణాల పిండాలు అందులో ఎదగలేదు. మరుసటి ఏడు లాక్టేటు చేర్చగా అవియు ముందుకు సాగినవి. 1967లో బిగ్గర్స్, విట్టింగ్‌హాం, డోనహ్యూ ఇంకను వెనుకకు పోయి ఏకకణ దశను పరిశీలించారు. దానికి లాక్టేటు సైతం చాలదనీ, పైరువేటు కావలెననీ తేలినది. మూడు దినాలైనా నిండని ప్రాణికి ఇన్ని భోజన నియమాలు!

దీనికి కారణము కలదు. గ్లూకోజును విడగొట్టే మార్గంలో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైము తొలి పిండంలో మందకొడిగా ఉంటుంది. పైరువేటుకు ఆ అడ్డంకి లేదు; అది తిన్నగా మైటోకాండ్రియాలో ప్రవేశిస్తుంది. అండాన్ని ఆవరించిన క్యుములస్ కణాలు గ్లూకోజును తాము గ్రహించి, పైరువేటుగా మార్చి అందిస్తాయి. పళ్లు రాని బిడ్డకు తల్లి అన్నము మెత్తగా మెదిపి పెట్టినట్లే అనుకోవచ్చు.

బ్లాస్టోసిస్టు దశలో కథ మారుతుంది. లోపలి కుహరాన్ని ద్రవంతో నింపుటకు పిండము సోడియంను నిరంతరం తోడవలెను. గ్లూకోజు వినియోగము ఒక్కసారిగా పెరుగుతుంది. తల్లి శరీరము ఇందుకు సిద్ధముగానే ఉన్నది. 1996లో ప్రకటితమైన కొలతల ప్రకారము స్త్రీల ఫాలోపియన్ నాళ ద్రవంలో, ఋతుచక్ర మధ్యకాలమున, గ్లూకోజు లీటరుకు 0.5 మిల్లీమోలు; గర్భాశయంలో 3.15. పైరువేటు మాత్రం నాళంలోనే అధికము.

ఇది ఎలుకల ముచ్చట కదా అని మనము తీసివేయరాదు. 1978లో ఇంగ్లండులో లూయీ బ్రౌన్, అదే ఏడు కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషి ఫలితంగా మరొక ఆడశిశువు శరీరము వెలుపల ఫలదీకరణ చెందిన అండాల నుండి జన్మించారు. కలకత్తా వార్తను ఆనాడు నమ్మినవారు తక్కువ. అది మన దురదృష్టము. గాజుపాత్రలోని పిండానికి తల్లియు, వంటయిల్లును ఆ ద్రావణమే. నడుమ ద్రావణము మార్చవలెనా, లేక అన్నియు ఒకేసారి ఉంచి పిండాన్నే ఎన్నుకోనివ్వవలెనా అని నిపుణులు రెండు పక్షాలుగా ఉన్నారు. మితముగా శక్తిని వాడే పిండాలే ఎక్కువగా బ్రతుకుతాయని 2002లో హెన్రీ లీస్ ప్రతిపాదించాడు. దానిపై చర్చ సాగుతూనే ఉన్నది.