స్మోక్ డిటెక్టర్ ఊడదీస్తే ప్యానెల్‌కు తెలుస్తుందా? ధర్మపురి లాడ్జిలో రెండు నిమిషాల టెస్ట్

ఫోన్‌కు చార్జర్ సరిగా కూర్చోకపోతే చార్జింగ్ సింబల్ రాదు, వెంటనే తెలిసిపోతుంది. మరి సీలింగ్‌కు ఉండాల్సిన స్మోక్ డిటెక్టర్ అక్కడ లేకపోతే? పోయిన నెల ధర్మపురిలో మా చిన్నాయన లాడ్జికి వెళ్లినప్పుడు నాకు ఈ డౌట్ వచ్చింది.

2027 గోదావరి పుష్కరాలకు లాడ్జి రెడీ అవుతోంది. పెయింటర్లు పై అంతస్తులోని డిటెక్టర్లన్నీ తిప్పి తీసి బకెట్‌లో వేశారు. కింద కౌంటర్ దగ్గర ఫైర్ ప్యానెల్ మాత్రం చడీచప్పుడు లేకుండా ఉంది.

"మంచిగనే ఉన్నదిరా, పచ్చ లైటు వెలుగుతుంది గదా" అన్నాడు చిన్నాయన.

"అదే తప్పు చిన్నాయనా. ఇప్పుడు అది మొత్తుకోవాలె" అన్నాను.

కనెక్షన్ ఎలా ఉంటుంది?

ఈ డిటెక్టర్‌లో రెండు భాగాలు. సీలింగ్‌కు బిగించేది బేస్, పొగను పసిగట్టేది హెడ్. వైర్లన్నీ బేస్‌కే వస్తాయి. హెడ్‌ను తిప్పి లాక్ చేస్తే దాని కాంటాక్ట్‌లు బేస్‌లోని స్ప్రింగ్ పత్తీలను రాసుకుంటూ కూర్చుంటాయి. ఆ రాపిడికే పైన పట్టిన మురికి కొంత పోతుంది.

మామూలు కన్వెన్షనల్ సిస్టమ్‌లో ప్యానెల్ నుంచి సుమారు 24 వోల్టుల డీసీ లైన్ వస్తుంది. లైన్ చివర ఒక రెసిస్టర్ ఉంటుంది. దాని గుండా కొద్దిపాటి కరెంట్ ఎప్పుడూ పారుతుంటుంది. అది ఆగితే ప్యానెల్ 'ఫాల్ట్' చూపిస్తుంది.

అసలు తెలివి బేస్‌లో ఉంది. వచ్చే వైరుకు ఒక టెర్మినల్, వెళ్లే వైరుకు ఇంకొకటి. ఆ రెండింటినీ కలిపేది హెడ్ మాత్రమే. హెడ్ తీస్తే లైన్ తెగుతుంది, బజర్ మోగుతుంది.

ఇక్కడ మాత్రం వైరింగ్ చేసినాయన రెండు వైర్లనూ ఒకే స్క్రూ కింద బిగించాడు. హెడ్ ఉన్నా లేకున్నా ప్యానెల్‌కు ఒకటే!

ఎందుకింత పట్టింపు?

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింది ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. పొగ మెట్ల మీదుగా పై గదులకు ఎక్కింది. 8 మంది చనిపోయారు. లాడ్జిలో పడుకున్నవాళ్లకు మంట కంటే ముందు చేరేది పొగే.

మీరూ ఇలా చెక్ చేయండి

* ముందు స్టాఫ్‌కు చెప్పి, ఒక హెడ్ తిప్పి తీయండి. ఒకట్రెండు నిమిషాల్లో ఫాల్ట్ రావాలి. రాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.
* ఒక్క బేస్‌తో ఆపొద్దు, ప్రతిదీ చూడాలి.
* హెడ్ తీసినప్పుడు దాని తర్వాతి డిటెక్టర్లు కూడా పనిచేయకపోవచ్చు. పని అయిన వెంటనే పెట్టేయండి.
* అడ్రసబుల్ సిస్టమైతే ఏ డిటెక్టర్ లేదో ప్యానెలే చూపిస్తుంది.
* ప్యానెల్ లేని బ్యాటరీ మోడల్‌ను తీసేస్తే చెప్పేవాళ్లుండరు. మనమే చూసుకోవాలి.

మర్నాడు వైర్లు విడదీసి రెండు టెర్మినల్స్‌కు బిగించారు. హెడ్ తీయగానే బజర్ మోగింది.

"గిట్ల మొత్తుకుంటెనే మంచిదన్నమాట" అని చిన్నాయన ఆ సాయంత్రమే బకెట్‌లోని హెడ్‌లన్నీ లెక్కపెట్టి మరీ పైకి పంపించాడు.