పాత కంప్యూటర్‌లో ఏ ర్యామ్ పడుతుంది?

కొత్తపట్నం నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: ‘మా ఇంట్లో 2011లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. ర్యామ్ 2 జీబీ. బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిస్తే చాలు, మొరాయిస్తోంది. ఇంకో స్టిక్ వేద్దామని ఒంగోలు వెళ్తే ఒక షాపులో ఇది పడుతుందన్నారు, పక్క షాపులో పడదన్నారు. ఎవరి మాట నమ్మాలి?’

ఇద్దరి మాట కన్నా మీ మదర్‌బోర్డు మాట నమ్మండి. కాకపోతే మొదట రోగం ర్యామ్‌దేనా అన్నది తేల్చుకోవాలి. మీరు రోజూ చేసే పని చేస్తూ కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ వాడకం 85, 90 శాతం దగ్గరే కూర్చుంటే అనుమానం అక్కర్లేదు. ర్యామ్ నిండగానే విండోస్ కొంత సమాచారాన్ని హార్డ్ డిస్క్ మీదికి తోసి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. కల్లంలో ఆరబోసిన మిరపకాయను చేత్తో తీసుకోవడానికీ, గుంటూరు కోల్డ్ స్టోరేజీ నుంచి బస్తా తెప్పించుకోవడానికీ ఉన్నంత తేడా ఇది. వాడకం సగం కూడా లేకపోయినా నెమ్మదిగా ఉంటే ర్యామ్ కొనకండి. ఆ డబ్బుతో హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ వేయించుకోండి.

ఇక ఏది పడుతుందన్న సంగతి. డీడీఆర్2 2003లో, డీడీఆర్3 2007లో, డీడీఆర్4 2014లో బజారులోకి వచ్చాయి. డెస్క్‌టాప్ స్టిక్‌కు డీడీఆర్2లోనూ డీడీఆర్3లోనూ 240 పిన్నులే. పొడవూ ఒకటే. అయినా ఒకదాని స్లాట్‌లో రెండోది దిగదు, ఎందుకంటే అడుగున ఉండే గాటు చోటు మార్చేశారు. కావాలనే మార్చారు: డీడీఆర్2కు 1.8 వోల్టులు కావాలి, డీడీఆర్3కు 1.5 చాలు, పిన్నుల పనులూ వేరు. దిగలేదని బొటనవేళ్లతో బలంగా అదిమితే స్లాట్ పగులుతుంది. 2011 యంత్రమంటే చాలావరకు డీడీఆర్3 అయి ఉంటుంది. అయితే ఆ రోజుల్లో బాగా అమ్ముడుపోయిన ఇంటెల్ జీ41 చిప్‌సెట్ బోర్డులు డీడీఆర్2తోనూ వచ్చాయి, డీడీఆర్3తోనూ వచ్చాయి. సంవత్సరాన్ని బట్టి ఊహించకుండా, ఉన్న స్టిక్ ఊడదీసి షాపుకు పట్టుకెళ్లండి.

స్పీడు గురించి జనం పడే బెంగ అనవసరం. బోర్డు 1333 దగ్గర ఆగిపోయేదైతే, 1600 స్టిక్ వేసినా 1333కి తగ్గి నడుస్తుంది. లేబుల్ మీద పీసీ3-10600 అని ఉంటే భయపడకండి, అదీ 1333యే. సెకనుకు 1333 మిలియన్ల విడతలు, విడతకు 8 బైట్లు చొప్పున లెక్కేస్తే సుమారుగా వచ్చే అంకె అది.

షాపుల్లో చెరో మాట రావడానికి అసలు కారణం వేరే ఉంది. అది చిప్పుల సాంద్రత. రెండు 4 జీబీ డీడీఆర్3 స్టిక్కులు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికి రెండు వైపులా కలిపి 16 నల్ల చిప్పులు ఉంటాయి, లేబుల్ మీద 2ఆర్ఎక్స్8 అని ఉంటుంది. రెండోదానికి ఒక్కవైపే 8 చిప్పులు, 1ఆర్ఎక్స్8 అని ఉంటుంది. మొత్తం ఒకటే అయినా రెండోదాంట్లో ఒక్కో చిప్పు రెట్టింపు మోస్తోంది. అంత పెద్ద చిప్పులో ప్రతి గడినీ పేరు పెట్టి పిలవాలంటే మెమరీ కంట్రోలర్‌కు అడ్రసు లైను ఒకటి ఎక్కువ కావాలి. జీ41 వంటి పాత చిప్‌సెట్‌లకు ఆ లైను లేదు. ఫలితంగా కంప్యూటర్ బీప్‌మని ఆగిపోతుంది, లేదా 4 జీబీలో సగమే కనిపిస్తుంది. స్టిక్ చెడిపోయిందనుకుని తిట్టుకుంటాం గానీ, దాని తప్పేమీ లేదు. హెచ్61 చిప్‌సెట్ బోర్డయితే ఈ చిక్కు లేదు. రెండు స్లాట్లలో కలిపి 16 జీబీ వరకు తీసుకుంటుంది.

బోర్డు మోడల్ పేరు సాధారణంగా దాని మీదే అచ్చువేసి ఉంటుంది. పెట్టె విప్పడం ఇష్టం లేకపోతే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో మెయిన్‌బోర్డ్ ట్యాబ్ చూడండి. ఎస్పీడీ ట్యాబ్‌లో ఇప్పుడున్న స్టిక్ జాతకమంతా ఉంటుంది. తర్వాత బోర్డు తయారీదారు మాన్యువల్లో గరిష్ఠ మెమరీ చూసుకోండి. షాపులో ‘అన్నా, ఒక 4 జీబీ ర్యామ్ ఇవ్వు’ అనకుండా, ‘డీడీఆర్3, 4 జీబీ, 2ఆర్ఎక్స్8, డెస్క్‌టాప్‌ది’ అని అడగండి. పీసీ3-10600 వంటి అంకె చివర ఆర్ అక్షరం ఉంటే అది సర్వర్ల నుంచి ఊడదీసిన సరుకు. ఎంత చవకైనా ఇంటి కంప్యూటర్‌లో పనిచేయదు.

కొత్తపట్నం కాబట్టి ఇంకో మాట. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ ఫ్యాన్ లాగే గాలితో పాటు పెట్టెలోకి వస్తాయి. పిన్నుల మీద బంగారు పూత చాలా పలచన. దాని సన్నటి రంధ్రాల్లోంచి తేమ దిగితే అడుగునున్న లోహం మసకబారుతుంది. అందుకే తీరం ఊళ్లలో ర్యామ్ ‘పోయిందన్న’ కేసుల్లో కొన్ని ఉత్త మురికివే. ప్లగ్ పీకి, స్టిక్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పిన్నులు తుడవండి. మెకానిక్కులు పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు, అదీ పనిచేస్తుంది. అయితే గట్టిగా రుద్దితే పూత లేస్తుంది. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడనివ్వకండి. తిరిగి పెట్టేటప్పుడు చివరలనున్న క్లిప్పులు టక్‌మని పడాలి.

విండోస్ 32 బిట్‌దైతే 4 జీబీ దాటి ఎంత వేసినా వాడుకోలేదు. పైగా ఆ నాలుగులోనూ మూడు, మూడున్నర మాత్రమే చేతికందుతుంది. 64 బిట్ వేయించుకుంటేనే 8 జీబీకి అర్థం. ఈ వయసు యంత్రానికి 8 దాటి పెట్టడం దండగని నా లెక్క.

స్టిక్ వేశాక విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడపండి. తప్పులు చూపిస్తే వారంలోపు మార్చి ఇచ్చేటట్టు, కొనేటప్పుడే బిల్లు మీద రాయించుకోండి.