రైఫిల్ గురి: ఒక్క పాయింటు తేడా ఎక్కడ పుడుతుంది?

2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ అర్హత పోటీలో స్వప్నిల్ కుసాలే 590 పాయింట్లతో ఏడో స్థానంలో నిలిచి ఫైనల్‌కు చేరారు. అనంతరం కాంస్య పతకం సాధించారు. అదే పోటీలో మరో భారత షూటర్ ఐశ్వరి ప్రతాప్ సింగ్ తోమర్ 589 పాయింట్లతో పదకొండో స్థానం వద్ద ఆగిపోయారు. 60 షాట్ల పోటీలో ఇద్దరి మధ్య తేడా ఒక్క పాయింటే. ఇంత స్వల్ప అంతరంతో ఫలితాలు తేలే క్రీడలో షూటర్ నైపుణ్యంతో పాటు తుపాకీ కచ్చితత్వానికీ ప్రాధాన్యం ఉంటుంది. కర్మాగారం నుంచి వచ్చిన బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను, అంటే ప్రతి షాట్‌కూ చేత్తో బోల్ట్‌ను వెనక్కి లాగి మూయవలసిన తుపాకీని, మరింత కచ్చితంగా ఎలా తీర్చిదిద్దుతారు?

హద్దు 8 మిల్లీమీటర్లు

50 మీటర్ల రైఫిల్ లక్ష్యంపై పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మి.మీ. బుల్లెట్ వ్యాసం సుమారు 5.6 మి.మీ. రంధ్రం అంచు వలయాన్ని తాకినా పది పాయింట్లు లభిస్తాయి. కాబట్టి బుల్లెట్ మధ్యబిందువు లక్ష్య కేంద్రానికి సుమారు 8 మి.మీ. లోపు పడాలి. రైఫిల్‌ను కదలకుండా బిగించి పేల్చినప్పుడే బుల్లెట్లు 10 మి.మీ. వ్యాసంలో చెదిరాయనుకుందాం. అప్పుడు 5 మి.మీ. వరకు దోషం తుపాకీదే అవుతుంది. షూటర్ పొరపాటుకు మిగిలే చోటు 3 మి.మీ. మాత్రమే.

బుల్లెట్లన్నీ ఒకేచోట పడుతూ ఆ చోటు కేంద్రానికి దూరంగా ఉంటే పెద్ద చిక్కు లేదు. సైట్ సవరిస్తే సరిపోతుంది. అవి చెల్లాచెదురుగా పడితే ఏ సైటూ సరిదిద్దలేదు. అందువల్ల రైఫిల్‌ను మెరుగుపరచడమంటే ప్రతి షాట్ ముందటి షాట్ మాదిరిగానే జరిగేలా చూడటం.

ముందుగా కొలత

ఏ మార్పైనా చేసే ముందు రైఫిల్ ప్రస్తుత స్థితి తెలియాలి. స్థిరమైన ఆధారంపై ఉంచి, ఒకే రకం తూటాలతో ఐదేసి షాట్ల చొప్పున పలుమార్లు పేల్చి చెదురుదలను కొలుస్తారు. మూడు షాట్లు దగ్గరగా పడినంత మాత్రాన నిర్ధారణకు రాకూడదు. అది యాదృచ్ఛికం కావచ్చు. సైట్ లేదా స్కోప్ మరలు, బ్యారెల్ భాగాన్ని స్టాక్‌కు పట్టి ఉంచే మరలు తయారీదారు సూచించినంత బిగువుగా ఉన్నాయో లేదో కూడా ఈ దశలోనే చూడాలి. వదులైన మర ఒక్కటి చాలు, మిగిలిన శ్రమంతా వృథా కావడానికి.

తూటా ఎంపిక

ఖరీదైన మార్పులకు ముందు పరీక్షించవలసింది తూటా. ఈ పోటీలో వాడే .22 తూటా బుల్లెట్ ధ్వని వేగానికి కాస్త తక్కువగా ప్రయాణిస్తూ, 50 మీటర్లు చేరేలోపు గురుత్వాకర్షణ వల్ల సుమారు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. రెండు బుల్లెట్ల వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే, లెక్క ప్రకారం అవి పడే ఎత్తులో ఏడెనిమిది మిల్లీమీటర్ల తేడా వస్తుంది. పది పాయింట్లకు ఉన్న హద్దు దాదాపు అంతే.

ఒకే సంస్థ తయారుచేసిన ఒకే రకం తూటాలైనా ఒక్కో లాట్ ఒక్కో బ్యారెల్‌లో భిన్నంగా పనిచేస్తుంది. అందుకే అగ్రశ్రేణి షూటర్లు జర్మనీలోని లపువా, బ్రిటన్‌లోని ఎలీ వంటి సంస్థల పరీక్షా కేంద్రాలకు తమ రైఫిళ్లతో వెళ్లి, పలు లాట్లను పేల్చి చూసి, నప్పిన లాట్‌నే ఎంచుకుంటారు.

స్టాక్‌తో బంధం

షూటర్ భుజానికి ఆనించే స్టాక్‌లో తుపాకీ లోహభాగం ప్రతిసారీ ఒకే తీరున కుదురుకోవాలి. చెక్క వానకాలపు తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. ఆ ఒత్తిడి మారితే బుల్లెట్ పడే చోటూ మారుతుంది. లోహానికీ చెక్కకూ మధ్య ఖాళీని ఎపాక్సీతో నింపి, గట్టి పీఠం ఏర్పరచడాన్ని బెడ్డింగ్ అంటారు. బ్యారెల్ మాత్రం ఎక్కువ రైఫిళ్లలో స్టాక్‌కు తగలకుండా ఉండాలి. రెండింటి మధ్య ఓ కాగితం ముక్కను జరిపితే ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది.

అయితే ఈ నియమానికి మినహాయింపు ఉంది. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాల పాటు కనిపించిన లీ ఎన్‌ఫీల్డ్ .303 రైఫిల్‌లో స్టాక్ ముందు భాగం బ్యారెల్‌ను నిర్ణీత ఒత్తిడితో పైకి నెట్టేలా రూపొందించారు. తాకడమే దోషం కాదు, ఒక్కోసారి ఒక్కోలా తాకడం దోషం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ స్నైపర్ల కోసం ప్రత్యేక రైఫిల్ తయారుచేయలేదు. కర్మాగార పరీక్షల్లో మెరుగ్గా పేలిన నం.4 లీ ఎన్‌ఫీల్డ్‌లను ఏరి, లండన్‌కు చెందిన హాలండ్ అండ్ హాలండ్ సంస్థ చేత స్టాక్ సరిచేయించి, స్కోప్ అమర్పించింది.

నిపుణుడికే వదలవలసినవి

బ్యారెల్ చివరి అంచు నొక్కుకుపోయినా, అరిగినా బుల్లెట్ వెలువడే క్షణంలో వాయువులు అసమానంగా తోసి దాన్ని పక్కకు మళ్లిస్తాయి. ట్రిగ్గర్ బరువుగా ఉంటే నొక్కేటప్పుడే గురి కదులుతుంది. మితిమీరి తేలిక చేస్తే ప్రమాదం. భారత్‌లో 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతుకు, మార్పులకు లైసెన్సు తప్పనిసరి. కనుక ఈ పనులు లైసెన్సు ఉన్న నిపుణుల చేతనే చేయించాలి.

అన్నిటికీ వర్తించే నియమం ఒకటుంది. ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్లీ కొలిచి, ఫలితాన్ని రాసిపెట్టుకోవాలి. రెండు మార్పులు కలిపి చేస్తే మేలు దేనివల్ల జరిగిందో తెలియదు. బిగించి పేల్చినప్పుడు రైఫిల్ నిలకడ చూపుతుంటే ఇక ఖర్చు పెట్టవలసింది కొత్త పరికరాలపై కాదు, సాధనపై.