ఇంటర్వ్యూ ముగిసిన పిమ్మట ఉత్తరములెన్ని?

"అడుగనిదే అమ్మయైనను పెట్టదు" అని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట నమ్మి పెరిగినవారము గనుక, ఒక చోటికి దరఖాస్తు పంపిన పిమ్మట ఊరకుండుట మనకు చేతకాదు. మరియొక ఉత్తరము వ్రాయవలెననియు, తెలిసినవారిచేత ఒక మాట చెప్పింపవలెననియు మనస్సు తహతహలాడును. విశాఖపట్టణమునందో, గుంటూరునందో, హైదరాబాదునందో వైద్యవిద్య ముగించి, అమెరికా సంయుక్త రాష్ట్రములలో రెసిడెన్సీ శిక్షణకై ఇంటర్వ్యూలిచ్చిన యువవైద్యులకును, ఇంటనుండి ఎదురుచూచు తల్లిదండ్రులకును ఈ తహతహ ప్రతి చలికాలమునందును కలుగుచుండును. ఇంటర్వ్యూ ముగిసిన తరువాత ప్రోగ్రాం డైరెక్టరునకు ఎన్ని మారులు వ్రాయవచ్చును? ఎప్పుడు ఊరకుండవలెను? ఈ విషయమునే ఇచట విచారింతము.

రెసిడెన్సీ యనగా వైద్యపట్టము పొందినవారు ఆసుపత్రిలో పనిచేయుచు ఒక శాఖయందు పొందు శిక్షణ. సాధారణ వైద్యశాఖకు 3 సంవత్సరములును, సాధారణ శస్త్రచికిత్సకు 5 సంవత్సరములును పట్టును. చోటు దొరకని అభ్యర్థి మరల ఒక సంవత్సరము వేచియుండవలెను. అప్పు చేసి పరీక్షలు వ్రాసిన కుటుంబమునకు ఆ సంవత్సరము చిన్నది కాదు. కావుననే ఒక్కొక్క ఉత్తరమును గూర్చియు ఇంత ఆందోళన.

ఈ ఆందోళనకు పూర్వచరిత్ర కలదు. 1940 ప్రాంతములందు అమెరికాలోని ఆసుపత్రులు మంచి విద్యార్థులను ముందుగా దక్కించుకొనవలెనని పోటీపడి, చదువు ముగియుటకు దాదాపు రెండు సంవత్సరములు ముందే చోట్లు ఇవ్వజూపుచుండెను. దీనిని అరికట్టుటకు 1945లో వైద్యకళాశాలలు తేదీలు నిర్ణయించినవి. అప్పుడు విద్యార్థికి ఆలోచించుకొనుటకు 10 దినముల గడువుండెను. 1949 నాటికి 12 గంటల గడువు సైతము దీర్ఘమని ఆసుపత్రులు కాదన్నవి. తంతి అందిన క్షణముననే అవునో కాదో చెప్పుమని విద్యార్థులను తొందరపెట్టుచుండిరి. ఈ గందరగోళమునుండియే 1952లో కేంద్రీకృతమైన పద్ధతి పుట్టినది. దానినే నేడు మ్యాచ్ అని పిలుచుచున్నారు. నేషనల్ రెసిడెంట్ మ్యాచింగ్ ప్రోగ్రాం అను సంస్థ దానిని నడుపుచున్నది.

దీని పని సులభముగా గ్రహింపవచ్చును. ఇంటర్వ్యూలన్నియు ముగిసిన పిమ్మట అభ్యర్థి తాను కోరిన చోట్లను వరుసగా వ్రాసి ఒక జాబితా పంపును. ప్రతి శిక్షణసంస్థయు తాను కోరిన అభ్యర్థులను అట్లే వరుసగా వ్రాసి పంపును. ఒకరి జాబితా మరియొకరికి తెలియదు. ఒక యువతి మొదట ఒక ఆసుపత్రిని, రెండవదిగా మరియొకదానిని వ్రాసినదనుకొందము. గణనయంత్రము ఆమెను మొదటి ఆసుపత్రిలో చేర్ప యత్నించును. అచ్చటి జాబితాలో ఆమె పేరుండి, చోటున్నచో తాత్కాలికముగా నిలుపును. ఆ సంస్థ ఆమెకంటె ఎక్కువగా కోరిన మరియొకరు తరువాత వచ్చి, చోట్లు నిండినచో ఆమె తొలగి రెండవ ఆసుపత్రికి పోవును. అచ్చట ఆమె హక్కు ఏమాత్రమును తగ్గదు. మొదటిదానిని ముందు వ్రాసినందున ఆమెకు నష్టమేమియు లేదు. ఈ ఏర్పాటు వెనుకనున్న గణితమును గేల్, షాప్లీ అనువారు 1962లో ప్రకటించిరి. అభ్యర్థుల కోరికనుండియే ఆరంభమగు సవరించిన పద్ధతి 1998లో అమలునకు వచ్చినది. దానిని రూపొందించినవారిలో నొకరైన ఆల్విన్ రోత్‌నకును, లాయిడ్ షాప్లీకిని 2012లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది.

ఇది తెలిసినచో ఉత్తరముల విలువ యెంతయో తెలియును. ఉత్తరము కదల్పగలిగినది ఒక్కటియే: సంస్థవారు తయారుచేయు జాబితా. అదియు ముగియకముందే. ఇంటర్వ్యూ చేసిన వైద్యులు తమ అభిప్రాయమును సాధారణముగా ఆ దినముననో మరునాడో వ్రాసి పెట్టుదురు. పిదప సంఘముగా కూర్చుండి వరుస నిర్ణయింతురు. కావున పది ఉత్తరములు వ్రాసినను మొదటి అభిప్రాయము మారుట అరుదు. పదేపదే వ్రాసినచో ఈ మనిషితో పనిచేయుట కష్టమను శంక మాత్రము కలుగవచ్చును.

అయినచో ఎన్ని వ్రాయవలెను? మా అభిప్రాయమున మూడింటికి మించరాదు. ఆ మూడును అందరికిని అవసరము కావు.

మొదటిది కృతజ్ఞతాపత్రము. ఇంటర్వ్యూ ముగిసిన ఒకటి రెండు దినములలో పంపవలెను. నాలుగైదు వాక్యములు చాలును. సంభాషణలో నిజముగా మనస్సునకు హత్తిన ఒక విషయమును పేర్కొనవలెను. ఒకే పత్రమునకు నకళ్లు తీసి పేరు మార్చి పంపుట తగదు.

రెండవది క్రొత్త సమాచారమున్నప్పుడే వ్రాయదగినది. పరీక్షాఫలితము వచ్చినను, పరిశోధనావ్యాసము అచ్చయినను రెండు వాక్యములలో తెలుపవచ్చును. చెప్పుటకేమియు లేనిచో ఈ ఉత్తరమే వద్దు. వీసావంటి నిజమైన సందేహమున్నచో డైరెక్టరును కాక కార్యాలయపు కోఆర్డినేటరును అడుగుట మర్యాద.

మూడవది, "నా జాబితాలో మీ సంస్థయే మొదటిది" అని తెలుపు ఉత్తరము. జాబితాల గడువు ఫిబ్రవరి చివరనో మార్చి మొదటనో ఉండును గనుక, దీనిని జనవరి చివరనో ఫిబ్రవరి మొదటనో పంపవలెను. ఇది ఒక్క సంస్థకే, అదియు నిజమైనప్పుడే వ్రాయదగినది. ఈ మాటను ఇద్దరికి వ్రాసిన యువకుడు రోగితో నిజము చెప్పునని ఎట్లు నమ్మగలము? డైరెక్టర్లు ఒకరినొకరు ఎరుగుదురు. అబద్ధము బయటపడుటకు ఎక్కువ కాలము పట్టదు.

ఇంటర్వ్యూ తరువాత ఉత్తరములు పంపవలదని సంస్థయే ముందుగా చెప్పినచో ఈ మూడును వదలివేయవలెను. అట్టి చోట మౌనమే మర్యాద. బదులు రాకపోవుటను తిరస్కారముగా భావింపరాదు. ఎవరికిని బదులీయని నియమము పెట్టుకొన్న సంస్థలనేకములు కలవు.

నియమములు రెండవ పక్షమునకును ఉన్నవి. మ్యాచ్ ప్రవర్తనానియమావళి ప్రకారము డైరెక్టర్లు అభ్యర్థిని ఇంకెచ్చటికి దరఖాస్తు పెట్టితివని అడుగరాదు. తమకు ఉత్తరములు వ్రాయుమని కోరరాదు. అభ్యర్థి వరుసను మార్చు ఉద్దేశముతో కపటపు మాటలు చెప్పరాదు. అయినను "మీరు మాకు చాల నచ్చితిరి" అని ఒక ఉత్తరము వచ్చినచో సంతోషింపవచ్చును గాని, దానిని నమ్మి జాబితాలోని వరుసను మార్చరాదు. కట్టుబాటు ఉత్తరమునకు లేదు, మ్యాచ్ ఫలితమునకే కలదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మార్చి మూడవ వారమున సోమవారము నాడు చోటు దొరకినదో లేదో తెలియును. ఎచ్చట దొరకినదో శుక్రవారము తెలియును. చోటు దొరకనివారికి మిగిలిన స్థానములను పంచుటకు ఆ నడిమి దినములలో మరియొక ఏర్పాటు కలదు. పూర్వము ఆ దినములలో వేలకొలది ఫోనులు, ఫ్యాక్సులు ఆసుపత్రులను ముంచెత్తుచుండెను. 2012లో వచ్చిన క్రొత్త పద్ధతి దానిని ఆపినది. సంస్థవారు తామై పలుకరించునంతవరకు అభ్యర్థి గాని, అభ్యర్థి పక్షమున మరెవరు గాని వారిని సంప్రదింపరాదు. అమెరికాలోనున్న మేనమామయైనను, ఆయన మిత్రుడగు పెద్ద వైద్యుడైనను ఆ "మరెవరు" అను మాటలో చేరుదురు. ప్రేమతో చేసిన ఒక్క ఫోను బిడ్డపై నియమభంగపు ఆరోపణకు దారితీయవచ్చును.

అడుగవలసినప్పుడు ఒక్కసారి చక్కగా అడిగి, చెప్పవలసినది నిజముగా చెప్పి, ఆ తరువాత ఊరకుండుట కూడ వైద్యుడు నేర్వవలసిన విద్యయే. మందు ఇచ్చిన పిమ్మట గంటగంటకు మోతాదు పెంచినచో రోగి త్వరగా కోలుకొనడు. ఉత్తరముల విషయమును అంతియే.